రాయి మీది, రిపోర్ట్ ఎవరిది?

రంగురాళ్ల గురించి పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే ఈ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సర్టిఫికెట్ల గురించే. జైపూర్‌లో రాళ్ల పరీక్ష నేర్చుకుని, హైదరాబాద్‌లో అదే పని చేసుకుంటున్నదాన్ని. అందుకే ఈ ఉత్తరాలు చదువుతుంటే నా బల్ల ముందు కూర్చునేవాళ్లే గుర్తొస్తారు. చాలామంది రాయి కొని, ఉంగరం చేయించి, వేలికి పెట్టుకున్నాక పరీక్షకు తెస్తారు. రావలసింది డబ్బు కట్టకముందు. పొడవైన ఉత్తరాలను కుదించాను. రాసినవారి పేర్లు, షాపుల పేర్లు తీసేశాను.

ప్రశ్న: మా అబ్బాయికి కనకపుష్యరాగం పెట్టించమని సిద్ధాంతి గారు చెప్పారు. అయిదు రత్తీలకు తగ్గకూడదన్నారు. ఒక షాపులో మంచి పసుపు రంగు రాయి చూపించి లక్షా నలభై వేలు చెప్పారు. దాంతోపాటు ఏటీఎం కార్డంత కార్డు ఒకటి ఇస్తామంటున్నారు. దాని మీద 'నేచురల్ ఎల్లో సఫైర్, ఏఏఏ గ్రేడ్' అని ఉంది. అది చాలదా? విడిగా ల్యాబ్‌కి పంపమంటే షాపువాళ్లు నొచ్చుకుంటారేమోనని మావారి మొహమాటం.
ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు మొహమాటం సంగతి. ఇంత డబ్బు పెట్టేవాళ్లు ల్యాబ్ రిపోర్ట్ అడగడం ఈ వ్యాపారంలో మామూలే. వ్యాపారులు ఒకరి దగ్గర ఒకరు పెద్ద రాయి కొనేటప్పుడు కూడా అడుగుతారు. అడిగినందుకు నొచ్చుకునే షాపులో ఆ రాయి కొనకండి.

ఇక ఆ కార్డు. ముందు అది ఎవరిచ్చిందో చూడండి. ల్యాబ్ పేరు, చిరునామా, రిపోర్ట్ నంబరు, తేదీ, క్యారట్లలో బరువు, మిల్లీమీటర్లలో పొడవు, వెడల్పు, లోతు ఉండాలి. ఆ నంబరు ల్యాబ్ వెబ్‌సైట్‌లో కొడితే ఇవే వివరాలు రావాలి. అమ్మే షాపే అచ్చు వేయించుకున్న కార్డు అయితే అది రిపోర్ట్ కాదు, ప్రకటన. 'ఏఏఏ' అనేది అమ్మేవాళ్లు పెట్టుకున్న పేరు. ఒక షాపులో ఏఏఏ ఇంకో షాపులో ఏ కూడా కాకపోవచ్చు. రంగురాళ్లకు అందరూ ఒప్పుకున్న అలాంటి కొలబద్ద లేదు.

అన్నిటికంటే ముఖ్యం 'నేచురల్' అనే మాట. రాయి భూమిలో పుట్టింది, ఫ్యాక్టరీలో తయారవలేదు అని మాత్రమే దానర్థం. బయటికొచ్చాక దానికి ఏం చేశారన్నది వేరే ప్రశ్న. కొరండం అనే ఖనిజంలో ఎర్రటిది కెంపు, మిగతా రంగులన్నీ సఫైర్లు. పసుపు సఫైరే మన కనకపుష్యరాగం. రంగు తేరడానికి ఈ రాళ్లను కొలిమిలో కాల్చడం ఎన్నో ఏళ్లుగా ఉన్నదే. వ్యాపారంలో దాన్ని ఒప్పుకుంటారు, కానీ చెప్పి అమ్మాలి. కాల్చని రాయికి ఎక్కువ ధర, కాల్చినదానికి తక్కువ. అంతవరకు తప్పేమీ లేదు.

అసలు తేడా బెరీలియంతో వచ్చింది. 2001, 2002 ప్రాంతంలో బ్యాంకాక్ నుంచి పసుపు, నారింజ రంగు సఫైర్లు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. అన్ని రాళ్లు ఎక్కడివని ల్యాబులు ఆరా తీశాయి. రంగు సరిగా లేని సఫైర్లను బెరీలియం ఉండే క్రిసోబెరిల్ ముక్కలతో కలిపి, 1,700 డిగ్రీలు దాటిన వేడిలో చాలాసేపు ఉంచితే బెరీలియం రాయి లోపలికి ఇంకి పసుపు రంగు తెస్తుందని తేలింది. మన వైడూర్యం కూడా ఆ క్రిసోబెరిల్ జాతిదే. ఇలా రంగు ఎక్కించిన రాయి కూడా 'నేచురల్ సఫైరే'. ఆ కార్డు మీద ఉన్న ముక్క అబద్ధం కాదు. కానీ ఏమీ చేయని రాయికీ దీనికీ ధరలో పోలికే లేదు. సిద్ధాంతులు అడిగేది కూడా ఏ చికిత్సా జరగని రాయినే. నాకు కోపం వచ్చేది ఇక్కడే. రాసింది నిజం, చెప్పకుండా వదిలేసింది అసలు సంగతి.

బెరీలియం ఉందో లేదో భూతద్దానికి తెలియదు. మైక్రోస్కోప్‌తో కొన్ని రాళ్లలో అనుమానం వస్తుంది, అన్నిట్లో తేలదు. లేజర్‌తో రాయి అంచున కంటికి కనపడనంత చుక్కను తాకించి, అందులోని మూలకాలను కొలిచే యంత్రాలు కావాలి. అవి అన్ని ల్యాబుల్లో ఉండవు. అందుకే రిపోర్ట్ అంటే ఏమిటో ఇలా అర్థం చేసుకోండి: రక్తపరీక్షకు వెళ్లి షుగర్ చూడమంటే షుగరే చూస్తారు, థైరాయిడ్ గురించి ఆ కాగితంలో ఒక్క ముక్కా ఉండదు. రాయి కూడా అంతే. పంపేటప్పుడే 'వేడిచికిత్స, బెరీలియం రెండూ చూసి రాయండి' అని అడగాలి. ఆ పరీక్ష తమ దగ్గర ఉందా అని ల్యాబ్‌ని ముందే అడగాలి. షాపు పంపిస్తే షాపుకి కావలసిన ప్రశ్నే అడుగుతుంది. మీరు పంపిస్తే మీ ప్రశ్న అడుగుతారు.

ఎలా చేయాలంటే, రాయి ఉంగరంలో ఎక్కకముందు, విడిగా ఉన్నప్పుడే బేరం కుదుర్చుకోండి. కొద్దిగా అడ్వాన్స్ కట్టి, బిల్లు మీద ఈ వాక్యం రాయించుకోండి: 'ఈ రాయి సహజ పసుపు సఫైర్ అనీ, వేడిచికిత్స గానీ బెరీలియం చికిత్స గానీ జరిగిన ఆనవాళ్లు లేవనీ ఫలానా ల్యాబ్ రిపోర్ట్ ఇస్తేనే అమ్మకం ఖాయం. లేకపోతే పూర్తి సొమ్ము వాపసు.' కాల్చిన రాయే అని చెప్పి ఆ ధరకే అమ్ముతుంటే, వాక్యాన్ని దానికి తగ్గట్టు మార్చండి. ల్యాబ్ పేరు ముందే ఇద్దరూ అనుకోండి. ఫీజు ఎవరు కట్టాలో కూడా. షాపు చెప్పినట్టే తేలితే మీరు, తేడా వస్తే వాళ్లు అన్నది న్యాయంగా ఉంటుంది. పంపేముందు మీ ఎదుటే రాయి తూయించి, కొలతలు రాసుకోండి. తిరిగొచ్చాక మళ్లీ తూయించి, రిపోర్ట్‌లోని అంకెలతో పోల్చండి. మంచి రిపోర్ట్ ఒక రాయిది, చేతికొచ్చింది ఇంకో రాయి కావడం నేను చూశాను.

రత్తీల గురించి కూడా ఒక మాట. రత్తి అంటే గురిగింజ ఎత్తు. కంసాలి లెక్కలో అది సుమారు 0.12 గ్రాములు. రాళ్ల బజారులో చెప్పే పక్కా రత్తి సుమారు 0.18 గ్రాములు. అంటే 'అయిదు రత్తీలు' ఒక చోట మూడు క్యారట్లు, ఇంకో చోట నాలుగున్నర క్యారట్లు. క్యారట్ మాత్రం ప్రపంచమంతా 0.2 గ్రాములే. సిద్ధాంతి గారిని ఏ రత్తి అని అడిగి, షాపులో బేరం క్యారట్లలో చేయండి.

ప్రశ్న: నేను రిటైర్డ్ ఇంజనీరుని. మా అమ్మాయి కోసం రెండు కెంపులు చూసి, రెండింటికీ రిపోర్టులు తెప్పించాను. వజ్రం రిపోర్ట్‌లో రంగుకు డి, ఇ, ఎఫ్ అనీ, క్లారిటీకి వీవీఎస్, వీఎస్ అనీ గ్రేడ్లుంటాయి. వీటిలో అలాంటివేమీ లేవు. ఇవి అసంపూర్ణ రిపోర్టులా? ఏ ల్యాబ్ మంచిది? రెండు రాళ్లలో ఏది మేలో ఎలా తేల్చుకోవాలి?
ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రిపోర్టులు సరిగానే ఉన్నాయి సార్. వజ్రాల గ్రేడింగ్ పద్ధతిని అమెరికాలోని రత్నశాస్త్ర సంస్థ జీఐఏ 1953లో తయారుచేసింది, తర్వాత ప్రపంచమంతా దాన్నే పట్టుకుంది. తెల్లని రాయిలో 'రంగు ఎంత తక్కువ' అన్నది కొలవడం తేలిక. ఎరుపు, నీలం, ఆకుపచ్చల్లో ఛాయ, గాఢత, తేట అన్నీ కలిసి పనిచేస్తాయి. అందుకే ఎన్ని ప్రయత్నాలు జరిగినా, అందరూ ఒప్పుకున్న గ్రేడ్ల పట్టిక రంగురాళ్లకు కుదరలేదు. కొన్ని ల్యాబులు తమ సొంత పద్ధతిలో రంగును, కోతను అంచనా వేసి ఇస్తాయి. అది ఆ ల్యాబ్ అభిప్రాయంగా తీసుకోవాలి.

రంగురాయి రిపోర్ట్ చెప్పేవి మూడు. రాయి ఏమిటి, సహజమా సింథటిక్‌దా అన్నది మొదటిది. దానికి ఏం చేశారన్నది రెండోది. ఎక్కడ పుట్టిందన్నది మూడోది, ఇది ఎక్కువ ఫీజు కట్టి విడిగా అడిగితేనే ఇస్తారు. మీరు రిపోర్ట్ తీసుకోగానే ఫొటో చూడకండి, కింద వ్యాఖ్యల దగ్గర ఉండే చిన్న అక్షరాలు చదవండి. 'వేడిచికిత్స ఆనవాళ్లు కనపడలేదు', 'వేడిచికిత్స ఆనవాళ్లు ఉన్నాయి', 'పగుళ్లలో పదార్థం మిగిలి ఉంది' అని మూడు రకాల వాక్యాలుంటాయి. మూడూ మూడు వేర్వేరు ధరలు. ఆ చోటు ఖాళీగా ఉంటే చికిత్స లేదని అనుకోకండి, చూడలేదనే అనుకోవాలి.

పుట్టిన చోటు సంగతి ఇంకొంచెం చెప్పాలి. 'బర్మా', 'కాశ్మీర్' అన్న మాటలకు ధర విపరీతంగా పెరుగుతుంది. కాశ్మీర్‌లో పాడర్ దగ్గర నీలాలు 1880లలో బయటపడ్డాయి, కొద్ది ఏళ్లలోనే మంచి రాళ్లన్నీ తవ్వేశారు. ఇప్పుడు షాపులో 'కొత్తగా వచ్చిన కాశ్మీర్ నీలం' అంటే లేచి రండి. కెంపుల్లో ఇవాళ బజారులో ఎక్కువగా దొరికేవి మొజాంబిక్ రాళ్లు, అక్కడ మోంటెప్యూజ్ గనులు 2009లో బయటపడ్డాయి. అవి మంచి రాళ్లే. రాయి లోపలి సూదులు, పొరలు, అతి తక్కువ పాళ్లలో ఉండే మూలకాలు చూసి ల్యాబ్ పుట్టిన చోటు చెబుతుంది. అది నిపుణుల అభిప్రాయం. ఒకే రాయికి రెండు పేరున్న ల్యాబులు రెండు దేశాలు చెప్పిన సందర్భాలు ఉన్నాయి. దేశం పేరు మీద లక్షలు అదనంగా అడిగితే రెండో ల్యాబ్ రిపోర్ట్ కూడా అడగండి. 'పావురం రక్తం' లాంటి రంగుల పేర్లకూ అంతే, ఆ పేరు ఎప్పుడు వాడాలన్నదానికి ఒక్కో ల్యాబ్‌ది ఒక్కో గీత.

ఏ ల్యాబ్ అంటే, రాయి కొనడం, అమ్మడం చేయని ల్యాబ్. మన దేశంలో జైపూర్‌లోని జెమ్ టెస్టింగ్ ల్యాబొరేటరీ ఉంది. రత్నాభరణాల ఎగుమతి ప్రోత్సాహక మండలి దాన్ని స్థాపించింది, ఇప్పుడు ఐఐజీజే ఆర్‌ఎల్‌సీ పేరుతో నడుస్తోంది. ముంబైలో జెమాలజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా ఉంది. జీఐఏకి ముంబైలోనూ, బ్యాంకాక్‌లోనూ శాఖలున్నాయి. మీకు కావలసిన పరీక్ష ఏ శాఖలో చేస్తారో పంపేముందు కనుక్కోండి. స్విట్జర్లాండ్‌లో లూసెర్న్‌లోని గ్యూబెలిన్, బాసెల్‌లోని ఎస్‌ఎస్‌ఈఎఫ్ చాలా పెద్ద రాళ్లకు పనికొస్తాయి. మీ అమ్మాయి ఉంగరానికి అంత దూరం అక్కర్లేదు.

ధర మాత్రం ఈ రిపోర్టుల్లో ఉండదు, ఉండకూడదు. 'విలువ మూడు లక్షలు' అని కాగితం మీద వేసి, 'మీకు లక్షన్నరకే ఇస్తున్నాం' అంటే ఆ కాగితం పక్కన పెట్టేయండి.

ఏది మేలో తేల్చుకోవాల్సింది మీ కళ్లే. షాపుల్లో పసుపు దీపాల కింద ఏ కెంపైనా వెలిగిపోతుంది. గుమ్మం బయటికి తీసుకెళ్లి, నీడపట్టున పగటి వెలుగులో చూడండి. విడి రాయిని బల్లపరుపు వైపు పైకి ఉండేట్టు న్యూస్‌పేపర్ మీద పెట్టండి. మధ్యలోంచి అక్షరాలు చదవగలిగితే కోత పలచన, వెలుగు కిందికి జారిపోతోందన్నమాట. రెండు రిపోర్టుల్లోనూ చికిత్స వాక్యం ఒకటే అయితే, పగటి వెలుగులో మీ అమ్మాయికి నచ్చిన రాయి తీసుకోండి.

ప్రశ్న: మా తాతగారు రంగంలో (రంగూన్‌లో) పనిచేసి యుద్ధం రోజుల్లో తిరిగొచ్చారు. ఆయన తెచ్చిన కెంపులతో నాయనమ్మకు అడ్డిగ చేయించారు. ఇప్పుడు మేం నలుగురం పంచుకోవాలి. బర్మా కెంపులు, లక్షలు చేస్తాయని అన్నయ్య అంటాడు. అన్నీ గాజురాళ్లే, బంగారం తూకం వేసి పంచేద్దామని వదిన అంటుంది. రాళ్లు ఊడదీయకుండా పరీక్ష చేయించవచ్చా?
ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ అన్నయ్య, వదినల మాటల మధ్య ఇంకా చాలా అవకాశాలున్నాయమ్మా. ఉత్తరాంధ్ర నుంచి రంగం వెళ్లొచ్చిన కుటుంబాల నగలు నా దగ్గరకు వస్తుంటాయి, ప్రతిదానికీ ఇలాంటి కథే ఉంటుంది. కథ నిజమే కావచ్చు, రాయి ఏమిటన్నది విడిగా చూడాలి.

ఫ్రాన్స్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త ఆగస్ట్ వెర్నూయి, అల్యూమినా పొడిని మంటలో కరిగించి కెంపు తయారుచేసే పద్ధతిని 1902లో ప్రకటించాడు. కొద్ది ఏళ్లలోనే ఆ కెంపులు ప్రపంచమంతా చేరాయి. మీ తాతగారు రంగంలో ఉన్న రోజులకు అవి రావడం, నగల్లో ఎక్కడం మొదలై చాలా కాలమైంది. అవి గాజు కావు. రసాయనికంగా, గట్టిదనంలో, మెరుపులో నిజంగానే కెంపులు. భూమిలో పుట్టలేదు, అంతే. పాలల్లో వేయడం, నోటితో ఆవిరి ఊదడం, చేతిలో పట్టుకునే టెస్టర్ మిషన్, ఇవేవీ వీటిని సహజమైన కెంపు నుంచి వేరు చేయలేవు. మైక్రోస్కోప్ కింద లోపలి గీతలు వంపు తిరిగి ఉంటే ఫ్యాక్టరీది. గీతలు తిన్నగా, కోణాలుగా ఉండి, సిల్క్ అని మేం పిలిచే సన్నని సూదులు కనపడితే గనిది. 'నగ పాతది కాబట్టి రాయి అసలుది' అన్న మాట వంద ఏళ్ల కిందటే చెల్లకుండా పోయింది.

ఇంకోటి కూడా ఉంది. బర్మాలోని మొగోక్‌లో కెంపులతో పాటే స్పైనెల్ అనే వేరే ఎర్రరాయి కూడా దొరుకుతుంది. కంటికి రెండూ ఒకటే. బ్రిటిష్ కిరీటంలో 'బ్లాక్ ప్రిన్స్ కెంపు' అని పేరున్న పెద్ద ఎర్రరాయి నిజానికి స్పైనెలే. మీ అడ్డిగలో అవి ఉన్నా బాధపడకండి, మంచి ఎర్ర స్పైనెల్‌కి ఇప్పుడు మంచి ధర ఉంది.

ఊడదీయకుండా కొంతవరకు చూడొచ్చు. పాత పనితనంలో రాయి వెనక మూసేసి, లోపల రేకు పెట్టి, లక్కతో నింపుతారు. అందుకని వెనక నుంచి వెలుతురు రాదు, బరువు తెలియదు. ల్యాబ్ కూడా రిపోర్ట్‌లో 'బిగింపు అనుమతించినంత మేరకు పరీక్షించాం' అనే రాస్తుంది. అయినా గనిదా ఫ్యాక్టరీదా అన్నది చాలా రాళ్లకు పైనుంచే తేలుతుంది. అన్ని రాళ్లూ ఒక్కొక్కటిగా చూడమనండి. పాత నగల్లో రాలిపోయిన చోట కొత్త రాయి పెట్టించి ఉంటారు, అందుకని ఒక రాయిని బట్టి మిగతావి చెప్పలేం. పెద్ద రాళ్లలో అనుమానం మిగిలితే ఒకటి రెండు మాత్రం, పాత పద్ధతిలో రాళ్లు పొదిగే పని తెలిసిన ఆచారి చేత మీ ఎదుటే విప్పించండి. చిన్న రాళ్లకు పుట్టిన దేశం రిపోర్ట్ తీయించడం దండగ.

మా నాన్నగారు చిలకలపూడిలో రాళ్లు పొదిగేవారు. అక్కడి గిల్టు నగల్లో పెట్టేది గాజురాయేనని కొనేవాళ్లకీ తెలుసు, అమ్మేవాళ్లకీ తెలుసు. ఎవరూ మోసపోలేదు. ఆయన పట్టుబట్టేది ఒక్కదానికే: బంగారం నగ బాగుకు వస్తే రాళ్లు లెక్కపెట్టి, కాగితం మీద రాసి, సంతకం పెట్టించుకునే తీసుకునేవారు. మీరూ ఆ కాగితం అడగండి. పంచుకునేవరకు ఆ నగను పాలిష్‌కి గానీ, 'పాత బంగారం మార్పిడి'కి గానీ ఇవ్వకండి. మార్పిడిలో రాళ్ల బరువు తీసేసి బంగారానికే వెల కడతారు, అడగకపోతే రాళ్లు అక్కడే ఉండిపోతాయి.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. జనవరిలో ఇండియా వచ్చినప్పుడు జైపూర్‌లో మా అత్తగారి కోసం పచ్చ కొనాలని ఉంది. ఒక వ్యాపారి ఫొటోలు, 2016 నాటి రిపోర్ట్ పంపారు. 'మైనర్ ఆయిల్' అని ఉంది. కొలంబియా రాయి అంటున్నారు. రిపోర్ట్ ఉంది కదా, మళ్లీ కావాలా? ఇక్కడికి తెచ్చాక చేయించుకోవచ్చా?
ఒక పాఠకురాలు, అమెరికా

జవాబు: మళ్లీ కావాలి. అదీ అక్కడే, డబ్బు కట్టకముందే.

పచ్చల్లో సన్నని పగుళ్లు ఉండటం సహజం. అవి కనపడకుండా నూనె ఎక్కించడం తరతరాలుగా ఉంది. సెడార్ నూనె లాంటి రంగులేని నూనెను వ్యాపారం ఒప్పుకుంటుంది. ఎపాక్సీ లాంటి రెజిన్ పడితే ధర తగ్గుతుంది. జైపూర్‌లో జోబన్ అని పిలిచే ఆకుపచ్చ రంగు నూనె అయితే అది పగుళ్లు దాచడం కాదు, రంగు వేయడం. కొద్దిగా (మైనర్), మధ్యస్థంగా, ఎక్కువగా అని ల్యాబులు మోతాదు రాస్తాయి, ఆ ఒక్క మాట మీదే ధర ఆధారపడుతుంది. చిక్కేమిటంటే నూనె రాయిలో శాశ్వతంగా ఉండదు. ఆరిపోతుంది, కడిగితే పోతుంది, మళ్లీ ఎక్కించవచ్చు. రాయిని బాగా శుభ్రం చేసి, 'మైనర్' అని రిపోర్ట్ తీసుకుని, తర్వాత నింపుకోవచ్చు కూడా. 2016 నాటి కాగితం ఆ రోజు ఆ రాయి ఎలా ఉందో చెబుతుంది. మీరు చూస్తున్న మెరుపు ఎప్పటిదో అది చెప్పలేదు.

మీరు జైపూర్ వెళుతున్నారు కాబట్టి ఇది తేలిక. జోహరీ బజార్‌లో పేరున్న వ్యాపారి ఎవరైనా, ఆ ఊళ్లోనే ఉన్న ల్యాబ్‌కి రాయిని మీ పేరు మీద ఇవ్వడానికి ఒప్పుకుంటారు. నూనె మోతాదు, నూనెనా రెజినా, రంగు కలిసిందా, ఇవి అడగండి. 'కొలంబియా' పేరు మీద అదనంగా కట్టమంటే పుట్టిన చోటు కూడా అడగండి. జైపూర్‌లో జాంబియా పచ్చలు ఎన్నో సానపడతారు, చాలా అందమైన రాళ్లు. వాటిని వాటి పేరుతోనే, వాటి ధరకే కొనుక్కోండి. ప్రయాణం చివరి రోజుకి కొనడం పెట్టుకోకండి, రిపోర్ట్ రావడానికి వ్యవధి ఉంచుకోండి. తొందరలో ఉన్నవాళ్లే 'తర్వాత కొరియర్ చేస్తాం' అన్న మాటకు ఒప్పుకుంటారు.

న్యూయార్క్‌లో జీఐఏ ఉంది, ఏజీఎల్ ఉంది, రెండూ రంగురాళ్లు చూస్తాయి. కానీ సముద్రం దాటాక తేడా తేలితే రాయి వెనక్కిచ్చి డబ్బు రాబట్టుకోవడం మీకు ఎంత కష్టమో ఆలోచించండి. అత్తగారికి చెప్పవలసిన మాట ఒకటుంది: పచ్చ ఉంగరాన్ని అల్ట్రాసోనిక్ మిషన్‌లో, ఆవిరితో, వేడినీళ్లతో శుభ్రం చేయించకూడదు.

ప్రశ్న: నగ మీద హాల్‌మార్క్ ఉంటే అందులోని రాళ్లు కూడా ప్రభుత్వం చూసినట్టేనా?
ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కాదు. హాల్‌మార్క్ బంగారం స్వచ్ఛతకు మాత్రమే. 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి అయిన అక్షరాలు, అంకెలు కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ నంబరు కూడా బంగారం గురించే చెబుతుంది. బిల్లులో బంగారం నికర బరువు, రాళ్ల బరువు, రాళ్ల పేరు, రాళ్ల ధర విడివిడిగా రాయించుకోండి. రాళ్ల బరువును బంగారంలో కలిపి బంగారం ధర వేస్తే అక్కడే ఆపండి.

ప్రశ్న: మూడు వేల రూపాయల గోమేధికానికి కూడా ల్యాబ్ రిపోర్ట్ కావాలా?
ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: పెద్ద రిపోర్ట్ అక్కర్లేదు, ఫీజే రాయి ధరలో పెద్ద వాటా అవుతుంది. గోమేధికానికి సాధారణంగా చికిత్సలు చేయరు, భయం గాజు గురించే. రాయి ఏమిటో మాత్రం చెప్పే చిన్న గుర్తింపు కార్డు తీసుకోండి, చాలు. లోపల తేనెపాకం తిరిగినట్టు సుడులు కనపడితే మంచి సూచన. వైడూర్యమైతే కొంచెం జాగ్రత్త, క్వార్ట్జ్‌లోనూ గాజుపోగుల్లోనూ పిల్లికన్ను గీత వస్తుంది. ముత్యాలను 'బస్రా' (గల్ఫ్ సముద్రపు సహజ ముత్యాలు) అని చెప్పి ఆ ధర అడిగితే మాత్రం ఎక్స్‌రే తీసే ల్యాబ్ రిపోర్ట్ లేకుండా కొనకండి. సహజ ముత్యానికీ పెంచిన ముత్యానికీ తేడా లోపలే ఉంటుంది.

ప్రశ్న: పోయిన అక్షయ తృతీయకు 85 వేలు పెట్టి కెంపు ఉంగరం కొన్నాం. సైజు సరిచేయడానికి వేరే కంసాలికి ఇస్తే రాయి మీద చారలు పడ్డాయి. ల్యాబ్‌లో చూపిస్తే 'సీసపు గాజు నింపిన కెంపు' అని రాశారు. షాపుకి వెళితే 'కెంపే కదా, మీ కంసాలి పాడుచేశాడు' అంటున్నారు. బిల్లులో 'రూబీ రింగ్' అని మాత్రమే ఉంది. ఏం చేయాలి?
ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కంసాలిని ఏమీ అనకండి. పగుళ్లతో నిండిన, నగకు పనికిరాని కొరండంలో సీసం ఎక్కువగా ఉన్న గాజును కరిగించి నింపితే అది ఎర్రగా, తేటగా కనపడుతుంది. 2004 నుంచి ఇవి బజారులో ఉన్నాయి. లోపల బుడగలు, రాయిని తిప్పుతుంటే నీలి మెరుపు వీటి గుర్తులు. కంసాలి మంట తగిలితే గాజు పాడవుతుంది. యాసిడ్ తగిలినా, చివరికి నిమ్మరసం తగిలినా పైన గీతలు పడతాయి. మామూలు కెంపుకి ఇవేవీ కావు. వీటి ధర మంచి కెంపు ధర దరిదాపుల్లోకి కూడా రాదు. గాజు నింపిన సంగతి చెప్పకుండా 85 వేలు తీసుకోవడం మోసమే. బిల్లులో 'రూబీ రింగ్' అని రాయడం మీకే అనుకూలం, వాళ్లు కెంపు అని అమ్మినట్టు అందులోనే ఉంది.

ముందు షాపుకి రాతపూర్వకంగా, స్పీడ్ పోస్టులో ఫిర్యాదు పంపండి. బిల్లు, కార్డు చెల్లింపు రసీదు, ల్యాబ్ రిపోర్ట్ జిరాక్సులు జత చేయండి, అసలువి మీ దగ్గరే ఉంచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయించండి, కొన్ని షాపులు ఆ దశలోనే దిగొస్తాయి. లేదంటే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపు కేసులు అక్కడికే వెళతాయి, మీ మొత్తానికి ఫీజు కూడా లేదు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు. మీ ల్యాబ్ రిపోర్ట్‌ని షాపు ఒప్పుకోకపోతే, వస్తువును సీలు వేయించి ల్యాబ్‌కి పంపే అధికారం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కమిషన్‌కి ఇచ్చింది. ఆ పరీక్ష అడగండి. అందుకని ఈలోపల ఉంగరంలోంచి రాయి తీయించకండి, సానపట్టించకండి, షాపువాళ్లు 'ఇవ్వండి, చూసి చెబుతాం' అంటే రసీదు లేకుండా ఇవ్వకండి. ఫిర్యాదుకు గడువు వివాదం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లు. మీ విషయంలో ఆ రోజును కొన్న తేదీ నుంచే లెక్కపెట్టాలని షాపు వాదించవచ్చు, కాబట్టి వచ్చే అక్షయ తృతీయ దాకా ఆగకుండా ఈ నెలలోనే దాఖలు చేయండి.